రెండు రోజుల విశ్రాంతికి చిన్న కొండ ఊరిని ఎంచుకోవడం ఎలా?

మీరు అడిగిన విషయం ఇది: శని, ఆదివారాలు రెండు రోజులే సెలవు దొరుకుతుంది, మోకాళ్ల నొప్పులు, రక్తపోటు ఉన్న అమ్మగారు, ఘాట్ రోడ్డు ఎక్కగానే వాంతులు చేసుకునే ఎనిమిదేళ్ల పాప మీ వెంట ఉంటారు, ప్రశాంతంగా గడుపుదామని కొండ ఊళ్లకు వెళ్లిన ప్రతిసారీ బయలుదేరినప్పటి కన్నా ఎక్కువ అలసటతో ఇల్లు చేరుతున్నారు, కాబట్టి ఎలాంటి ఊరిని, ఏ లెక్కన ఎంచుకోవాలో చెప్పమన్నారు. కొండ ప్రాంతాలకు వచ్చే కుటుంబాలకు ప్రయాణం, బస ఏర్పాటు చేసే పనిలో చాలా కాలంగా ఉన్నాను. మీలాగే అలసిపోయి తిరిగి వెళ్లినవాళ్లను ఎందరినో చూశాను. వాళ్లలో ఎక్కువమంది చూడదగ్గ ప్రదేశాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని ఊరిని ఎంచుకున్నవాళ్లే. వారం రోజుల సెలవుకు ఆ పద్ధతి బాగానే పనికొస్తుంది. రెండు రోజుల విశ్రాంతికి మాత్రం ముందుగా చూడవలసినవి అక్కడికి వెళ్లే దారి, ఆ ఊరి ఎత్తు, అది కొండకు ఏ వైపున ఉందన్న సంగతి. చూడదగ్గ ప్రదేశాల వంతు వీటి తరవాతే రావాలి, అసలు రాకపోయినా నష్టం లేదు.

దారితో మొదలుపెడతాను, ఎందుకంటే సెలవు కరిగిపోయేది ముందుగా అక్కడే. ఇంటి గడప దాటిన దగ్గర నుంచి గదిలో సామాను దించే వరకు నాలుగు గంటలకు మించని ఊరినే రెండు రోజులకు ఎంచుకోమని నా సలహా. ఆరు గంటల దారి అయితే రానూ పోనూ పన్నెండు గంటలు, అంటే ఉన్న రెండు పగళ్లలో ఒకటి పూర్తిగా బండిలోనే గడిచిపోతుంది. ఫోన్‌లోని మ్యాపు చూపించే సమయాన్ని కూడా ఘాట్ రోడ్డు విషయంలో యథాతథంగా నమ్మవద్దు. పాప కోసం మధ్యలో ఆగవలసిన నిమిషాలు, ముందు ఎక్కుతున్న లారీ వెనక మలుపు మలుపుకూ నిలబడవలసి రావడం, ఊరి పొలిమేరలో బండి నిలపడానికి చోటు వెతకడం దానికి తెలియవు. కొండదారి భాగానికి అది చూపిన సమయానికి మూడో వంతు కలుపుకుంటే దాదాపు సరిపోతుంది.

కొండ రైళ్ల విషయంలో ఈ లెక్క వేరు. మెట్టుపాళయం నుంచి ఊటీకి నడిచే నీలగిరి రైలు 46 కిలోమీటర్లు ఎక్కడానికి నాలుగున్నర గంటలకు పైగానే తీసుకుంటుంది. పట్టాల మధ్యనున్న పళ్ల కమ్మీని ఇంజను పళ్ల చక్రంతో పట్టుకుంటూ ఎక్కే బండి అది, తొందరపడలేదు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి రైలు ఎక్కదలుచుకుంటే దాన్ని ఊరికి చేరే సాధనంగా లెక్కవేయకుండా ఆ వారాంతానికి అదే ముఖ్యమైన కార్యక్రమం అనుకుని, పైకి చేరాక మరేమీ పెట్టుకోకండి.

ఇక ఎత్తు. ఎంత పైకి వెళితే అంత హాయి అన్న నమ్మకం చాలామందిలో ఉంది, మీ అలసటకు అదే ప్రధాన కారణమని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎత్తు 1000 మీటర్లు పెరిగే కొద్దీ గాలి సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మైదానంలో 36 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, 1200 మీటర్ల ఎత్తున్న ఊళ్లో సుమారు 28 డిగ్రీలు ఉంటుంది, చెట్ల నీడలో ఇంకా హాయిగా ఉంటుంది. శరీరం సేదతీరడానికి ఆ తేడా చాలు. 2500 మీటర్లు దాటితే కథ మారుతుంది. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడ కూడా 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది కాబట్టి ప్రతి శ్వాసలోనూ అందే ఆక్సిజన్ తగ్గుతుంది. కొందరికి తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర సరిగా పట్టకపోవడం చేరిన కొన్ని గంటల తరవాత మొదలై, మొదటి రాత్రి ఎక్కువగా బాధపెట్టి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. రెండు రోజుల సెలవులో దీని అర్థం ఏమిటో ఆలోచించండి: ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడే వేళకు సామాను సర్దుకోవలసి వస్తుంది. సుమారు 3500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు విమానంలో దిగినవాళ్లను మొదటి ఒకటి రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోమంటారు. పెరూలోని కుస్కో కూడా దాదాపు అంతే ఎత్తు. అలాంటి ఊళ్లు ఎంత అందమైనవైనా శని, ఆదివారాలకు పనికిరావు.

మీ కుటుంబానికి 1000 నుంచి 1800 మీటర్ల మధ్య ఎత్తు సరిపోతుంది. అమ్మగారి కోసం ఒక మాట ప్రత్యేకంగా చెబుతాను. ఎత్తైన చోట, చలిలో మొదటి రోజుల్లో రక్తపోటు పెరిగే అవకాశం ఉంది కాబట్టి బయలుదేరే ముందు ఆవిడ వైద్యుడిని ఒకసారి అడగండి. మాత్రలను డిక్కీలోని పెట్టెలో కాకుండా ఆవిడ చేతిసంచిలోనే ఉంచండి, ఎందుకంటే వేళ తప్పేది సాధారణంగా దారిలోనే. గాలి ఒత్తిడి తగ్గడం అంటే ఏమిటో పాపకు చూపించాలంటే, కింద కొన్న మూతబిగించిన తినుబండారాల ప్యాకెట్టును పైకి చేరాక ఆమె చేతికివ్వండి. అది దిండులా ఉబ్బి ఉంటుంది. ద్రవరూపంలో ఉన్న మందుల సీసాలు, తలనూనె సీసాలు కారేది కూడా ఇందుకే, వాటిని విడిగా ఒక కవరులో చుట్టి పెట్టుకోవాలి.

పాప వాంతుల సంగతికి వస్తే, రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు పిల్లల్లో ఇది చాలా మామూలు. లోపలి చెవి ఒళ్లు ఊగుతోందని చెబుతూ ఉంటే, బండి లోపలి వస్తువులపై నిలిచిన కళ్లు ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఆ రెండింటి పొత్తు కుదరకపోవడం వల్ల వికారం పుడుతుంది. కాబట్టి కళ్లకు కూడా కదలిక కనిపించేలా కూర్చోబెట్టడమే మొదటి వైద్యం. వెనక సీటు మధ్యలో, బెల్టు పెట్టి, ఎదుటి అద్దంలోంచి దూరంగా దారి కనిపించే ఎత్తులో కూర్చోబెట్టండి. ఘాట్ మొదలయ్యే ముందే ఫోను, బొమ్మల పుస్తకం తీసేయండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. గంటన్నర ముందు తేలికగా ఏదైనా తినిపించండి. మాత్ర వేయదలిస్తే పిల్లల వైద్యుడు చెప్పిన మోతాదులో, ఎక్కడానికి ముందే వేయాలి. వికారం మొదలయ్యాక వేస్తే పెద్దగా ఫలితం ఉండదు.

వీటన్నిటికన్నా ముందు, ఊరిని ఎంచుకునేటప్పుడే దారిలో ఎన్ని హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయో తెలుసుకోండి. తమిళనాడులోని కొల్లి కొండల దారిలో 70, వాల్పరై దారిలో 40 ఉన్నాయి. అంతే ఎత్తున్న మరో ఊరికి ఇందులో నాలుగో వంతు మలుపులతో పొడవైన, వాలు తక్కువున్న దారి ఉండవచ్చు. మ్యాపులో ఉపగ్రహ చిత్రాన్ని తెరిచి ఆ దారిని వేలితో వెంబడిస్తూ పోతే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒకే ఊరికి రెండు దారులు ఉంటే, పది కిలోమీటర్లు ఎక్కువైనా మలుపులు తక్కువున్న దారినే పట్టండి.

ఊరు కొండకు ఏ వైపున ఉందన్నది ఎవరూ పట్టించుకోని విషయం, కానీ గదిలో గడిపే గంటలు హాయిగా ఉంటాయా లేదా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో దక్షిణం వైపు వాలుకు చలికాలపు ఎండ బాగా తగులుతుంది, ఉత్తరం వాలు రోజులో ఎక్కువసేపు నీడలో ఉంటుంది. ఇరుకైన లోయల్లో ఇది ఎంత దూరం పోతుందో చెప్పడానికి నార్వేలోని ర్యూకాన్ ఊరు చాలు. చలికాలం నెలల తరబడి ఎండ దిగని ఆ ఊళ్లో, 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు నిలబెట్టి ఊరి నడిమి కూడలిలోకి ఎండను మళ్లించారు. ఇటలీలోని విగానెల్లా అన్న చిన్న ఊరివాళ్లు 2006లోనే 40 చదరపు మీటర్ల అద్దంతో ఈ పని చేశారు. మీరు వెళ్లే ఊరికి అంత అవస్థ ఉండదు గానీ, పడమట కొండ అడ్డుగా ఉంటే మధ్యాహ్నం నాలుగు గంటలకే నీడ పడి చలి మొదలవుతుంది. చీకటి పడడానికి ఇంకా రెండు గంటలుందనుకుని నడకకు బయలుదేరినవాళ్లు వణుకుతూ తిరిగి వస్తారు.

లోయ అడుగున బస చేయాలా, వాలు మధ్యలోనా, శిఖరం మీదా అన్న ప్రశ్నకు చలికాలంలో నా జవాబు ఎప్పుడూ వాలు మధ్యలోనే. నిర్మలమైన రాత్రుల్లో వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీటి వలెనే కిందికి జారి లోయ అడుగున చేరుతుంది. తెల్లవారేసరికి లోయలో పొగమంచు కమ్మి ఎముకలు కొరికే చలి ఉంటే, రెండు మూడు వందల మీటర్ల పైన గాలి కాస్త వెచ్చగా, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. అక్కడి వరండాలో కూర్చుంటే కింద లోయంతా తెల్లగా నిండి, ఎండ తగిలే కొద్దీ ఆ మంచు అంచుల నుంచి చిరిగి, ముందు చెట్ల కొనలు, తరవాత ఇళ్ల కప్పులు, ఆఖరున దారి బయటపడడం గంటసేపు చూడవచ్చు. అమ్మగారు నాలుగు అడుగులు వేయనవసరం లేకుండా, ఏ టిక్కెట్టూ కొనకుండా చూడగలిగిన దృశ్యం అది. పది వ్యూపాయింట్ల చుట్టూ తిరగడం కన్నా దీన్ని నేను ఎక్కువగా కోరుకుంటాను. శిఖరం మీది బసలకు దృశ్యం ఇంకా గొప్పగా ఉంటుంది, కానీ గాలి హోరుకు కిటికీలు రాత్రంతా కొట్టుకుంటాయి.

వానకూ ఇదే వర్తిస్తుంది. తేమతో వచ్చే గాలి కొండను ఢీకొని పైకి లేచి, చల్లబడి, ఎదురుగా ఉన్న వాలు మీదే వానంతా కురిపిస్తుంది. అవతలి వైపు వర్షచ్ఛాయలో, అంటే వాన అంతగా అందని చాటులో, పడుతుంది. పడమటి కనుమల్లోని మహాబలేశ్వర్‌లో ఏటా 5000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, తూర్పున ఇరవై కిలోమీటర్లైనా లేని పంచగనిలో అందులో సగం కూడా పడదు. వానాకాలంలో పచ్చదనం చూడాలి, కానీ గదిలో బందీలు కాకూడదు అనుకుంటే ఇలాంటి జంట ఊళ్లలో గాలికి చాటుగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. భారీ వర్షసూచన ఉన్న వారాంతంలో మాత్రం ఏ వైపు ఊరికీ వెళ్లవద్దు. కొండచరియలు విరిగిపడితే దారి తెరుచుకోవడానికి రోజులు పట్టవచ్చు, ఆ నిర్ణయం మీ చేతుల్లో ఉండదు.

చిన్న ఊరే ఎందుకు అంటే, పేరున్న కొండ ఊళ్లు వారాంతాల్లో ఇక మోయలేని స్థితికి వచ్చేశాయి. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఉండేది ఎనిమిది వందల మంది లోపే, రద్దీ రోజుల్లో వచ్చేవాళ్లు పదివేల దాకా ఉంటారు. 2023లో ఊరివాళ్లు రోడ్డెక్కి నిరసన తెలిపారు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌లకు వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2018 వేసవిలో సిమ్లా తాగునీటికి అల్లాడింది. ఇలాంటి ఊరికి సెలవుల్లో వెళ్లడం మీకు విశ్రాంతి కాదు, ఆ ఊరికీ మేలు కాదు. పెద్ద పేరున్న ఊరికి ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో, కొంచెం తక్కువ ఎత్తులో, దాని నీడన ఉండిపోయిన చిన్న ఊరు దాదాపు ప్రతి కొండ ప్రాంతంలోనూ ఉంటుంది. ఊటీ 2240 మీటర్ల ఎత్తులో ఉంటే, దానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని కోటగిరి సుమారు 1800 మీటర్ల ఎత్తులో ఉంది; అదే కొండలు, అదే గాలి, మీకు సరిపడే ఎత్తు. ఆసుపత్రి, మందుల దుకాణం అరగంట దూరంలో ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. మరీ మారుమూల ఊరు అమ్మగారితో వెళ్లడానికి తగదు.

మోటారు బండ్లు నిషేధించిన ఊళ్లు మరో మంచి తోవ. మహారాష్ట్రలోని మాథేరాన్‌లో బండ్లను ఊరి బయట దస్తూరి దగ్గరే ఆపేస్తారు. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు వచ్చేవాళ్లు కార్లను టేష్‌లో వదిలి రైల్లోనో టాక్సీలోనో వెళ్లాలి. హారన్ వినిపించని ఊళ్లో ఒక్క సాయంత్రం గడిపితే చెవులు ఎంత భారం మోస్తున్నాయో తెలుస్తుంది. అయితే మోకాళ్ల నొప్పులున్న వాళ్లతో వెళ్లేటప్పుడు బండి ఆగే చోటు నుంచి బస దాకా ఎంత నడక ఉంది, దానికి ప్రత్యామ్నాయం ఏమిటి అన్నది అడిగి తెలుసుకోకుండా వెళ్లకండి.

బస నిర్ణయించే ముందు ఫోటోలు చూసి తృప్తి పడకుండా ఫోను చేసి మాట్లాడండి. మొదటి ప్రశ్న: బండి ఆగే చోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు? కొండవాలు మీద కట్టిన ఇళ్లలో అంతస్తుల లెక్క తికమకగా ఉంటుంది. రోడ్డు మట్టానికి ఉన్నదే పై అంతస్తు కావచ్చు, గదులు దానికి కింద వాలు వెంట దిగుతూ ఉండవచ్చు. 'కింది అంతస్తు గది' అని వాళ్లు నిజాయితీగానే చెబుతారు, చూస్తే అది రోడ్డుకు నలభై మెట్ల దిగువన ఉంటుంది. అరిగిన మోకాలికి ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ బాధ. తరవాత అడగవలసినవి: కిటికీ ఏ దిక్కుకు ఉంది, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, కరెంటు పోతే ఏర్పాటు ఏమిటి, రాత్రి పక్కన పాటల హోరు ఉండే చోటు ఏదైనా ఉందా. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్లు అక్కడికి వెళ్లాక కూడా బాగానే చూసుకుంటారని నా నమ్మకం.

అక్కడ గడిపే తీరు గురించి ఎక్కువ చెప్పను. శనివారం మధ్యాహ్నానికి చేరి, భోంచేసి, పడుకోండి. ఆ సాయంత్రం ఊరి వీధుల్లో చిన్న నడక తప్ప ఏమీ పెట్టుకోవద్దు. ఎండకు వాలు వేడెక్కి, గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మబ్బు కట్టడం కొండల్లో సహజం కాబట్టి ఎక్కువ దూరం నడవదలిస్తే ఆదివారం తెల్లవారుజామునే నడవండి. చల్లగా ఉందని ఎండను తక్కువ అంచనా వేయకూడదు. ప్రతి 1000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం దాకా పెరుగుతుంది, పాపకు టోపీ పెట్టండి. మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోతే కంగారు పడవద్దు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండోదానికన్నా అప్రమత్తంగా ఉంటుందని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించారు. మనకు దొరికేదే ఒక రాత్రి కాబట్టి, నచ్చిన ఊరు ఒకటి దొరికాక ప్రతిసారీ కొత్త ఊరు వెతకకుండా అదే ఊరికి, కుదిరితే అదే గదికి వెళ్లమని నేను గట్టిగా సలహా ఇస్తాను. దారి తెలుసు, మలుపులు తెలుసు, ఎవరిని ఏం అడగాలో తెలుసు. రెండోసారి వెళ్లినప్పుడు శనివారం సాయంత్రానికే ఆ ఊళ్లో మనిషి కుదుటపడతాడు.

తిరుగు ప్రయాణం ఆదివారం భోజనం కాగానే మొదలుపెట్టండి. చీకట్లో, మంచులో ఘాట్ దిగవలసిన అవసరం రాకూడదు, సోమవారం పనికి ముందు ఒక సాయంత్రం ఇంట్లో మిగలాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అదిమిపెట్టి ఉంచకుండా ఎక్కేటప్పుడు వాడిన తక్కువ గేరులోనే దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది; బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వాలి. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మీది ఎలక్ట్రిక్ కారు అయితే పైన బ్యాటరీని నూటికి నూరు శాతం నింపి దిగవద్దు. నిండిన బ్యాటరీ వాలులో పుట్టే విద్యుత్తును తీసుకోలేదు, దాంతో మోటారు ఇచ్చే నిలుపుదల తగ్గి భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. దిగే దారిలో పాప చెవులు దిబ్బడ వేస్తాయి, జలుబు ఉంటే నొప్పి కూడా పెడతాయి. నమలడానికి ఏదైనా ఇచ్చి, మధ్య మధ్య గుక్కెడు నీళ్లు తాగించండి. ఆ వారం ఆమెకు గట్టి జలుబు ఉంటే ప్రయాణాన్ని మరో వారానికి వాయిదా వేసుకోవడం మేలు.